ఫురైజా అత్త చూసిన అడుగు

మా ఫురైజా అత్త ఎవరి మొహాన్నీ నమ్మేది కాదు. మొహం ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు, దాంతో తనకి పని లేదనేది. వచ్చిన మనిషి కూర్చుని మూడు గ్లాసుల టీ తాగి వెళ్లేదాకా ఓపిగ్గా ఉండేది. వెళ్లాక లేచి, ఆ మనిషి నడిచిన ఇసుక చూసేది. వచ్చినవాడు ఎందుకొచ్చాడో, చెప్పినదానిలో నిజమెంతో అప్పుడు చెప్పేది. రోజూ పొద్దుగూకే ముందు రెతం పొద కొమ్మతో తన గుడారం చుట్టూ ఇసుక ఊడ్చి చదును చేసేది. పొద్దున మేకల్ని విప్పకముందే చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. నక్క వచ్చిందా, పక్కింటి మేక వచ్చిందా, పక్కింటి మనిషే వచ్చాడా, అన్నీ ఆమెకి అక్కడ కనిపించేవి. చుట్టాలం కదా అని ఎవరికీ మినహాయింపు లేదు. పెళ్లయిన కొత్తలో నేను మొగుడితో పోట్లాడి అమ్మ దగ్గరికి వెళ్తే, అమ్మకంటే ముందు అత్తకి తెలిసింది. "మడమలు నేలలో దిగబడ్డాయి నువైరా, కోపంగా వచ్చావు" అంది. మనకంటూ దాచుకోవడానికి ఏమీ మిగలనిచ్చేది కాదు.

ఆమె మా నాన్నకి అక్క. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తప్పిపోయిన ఒంటెని మూడు రోజులు అడుగులు పట్టుకుని వెతికి, ఒంటరిగా తోలుకొచ్చిందట. పాతికేళ్లకి మొగుడు వరదలో కొట్టుకుపోయాడు. వరద తగ్గాక మగవాళ్లు శవం కోసం కిందికి వెళ్తే, ఆమె పైకి వెళ్లింది. గట్టు మీద మిగిలిన నాలుగు అడుగులు చూసి వచ్చి, గట్టెక్కినవాడే రెండు మేకపిల్లల కోసం మళ్లీ కిందికి దిగాడని చెప్పింది. ఆమె ఏడవడం ఆ ఒక్కసారే చూశానని మా అమ్మ అనేది. అప్పటినుంచి మా కొండల్లో మేక పోయినా, సంచీ పోయినా పంచాయితీ వాళ్లు ఆమెకే కబురు పంపేవాళ్లు. ఆమె "ఫలానావాడి అడుగు" అంటే ఇంకొకరిని అడగడం ఉండేది కాదు. తనిఖీ చౌకీ నుంచి ఆఫీసర్లు కూడా ఒకసారి వచ్చారు, తమతో పనిచేయమని. వాళ్లకి రొట్టె పెట్టి, టీ పోసి, చూపు సరిగ్గా ఆనడం లేదని చెప్పి పంపేసింది. వాళ్లు మలుపు తిరగగానే, ఎదురు కొండ మీద తన మేకల్ని ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలిచింది.

నా ఎడమ కాలు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తొమ్మిదేళ్లప్పుడు బండ మీంచి పడి చీలమండ విరిగింది. బద్దలు పెట్టి కట్టింది అత్తే. ఎముక అతుక్కుంది కానీ కొంచెం వంకరగా అతుక్కుంది. అందుకని నేనేం వేసుకున్నా ఎడమ మడమ బయటివైపు అరిగిపోతుంది. "నీ కాలు నా చేతిపని" అనేది అత్త, అదేదో గొప్పలా.

ఇక ఆ నీళ్ల సంగతి. దానికో పేరుంది, నేను చెప్పను. రెండు బండల సందున చేటంత గుంట. పైన పలకరాయి కప్పి ఉంటుంది. అన్ని బావులూ ఎండినా అది ఎండదు. నా చిన్నతనంలో వరసగా ఏడేళ్లు వానల్లేనప్పుడు మా వంశంలో పిల్లలు బతికింది ఆ నీళ్ల మీదే. మగవాళ్లకి అలాంటిదొకటి ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషికి చూపించాలి, అంతే. అత్తకి వాళ్ల నాయనమ్మ చూపించింది. అత్త నాకు చూపించింది. సొంత కూతురు సబ్హాకి చూపించలేదు. సబ్హాకి పక్క తెగ కుర్రాడితో సంబంధం కుదిరింది, రేపు ఆ ఇంటికి వెళ్లిపోయే పిల్ల, నీళ్లు కూడా దాంతోపాటు వెళ్లిపోతాయని అత్త భయం. కూతురు ఎన్నోసార్లు అడిగింది. "పెళ్లయ్యాక చూద్దాంలే" అనేది అత్త. అంటే ఎప్పటికీ చూపించదన్నమాట. సబ్హాకి ఆ సంగతి అర్థమైందని నాకు తెలుసు. నేను కల్పించుకోలేదు.

మూడేళ్ల కిందట కైరో నుంచి షహీరా అనే ఆమె వచ్చింది. ఆమెని అందరూ డాక్టర్ అంటున్నారని మా ఆడవాళ్లు మోకాళ్ల నొప్పులు, పిల్లల దగ్గులు పట్టుకుని వరసగా వెళ్లారు. తీరా ఆమె చదువుల డాక్టరట, మందుల డాక్టర్ కాదట. అయినా డాక్టరమ్మ అనే పేరు ఉండిపోయింది. మా కొండ ఆడవాళ్లకి తెలిసినవి, మూలికలు, నేత గుర్తులు, దారుల పేర్లు, అన్నీ పుస్తకంలోకి ఎక్కించాలట. దాంతోపాటు మాకు గైడు పని నేర్పి, కొండలెక్కడానికి వచ్చే ఆడవాళ్లని మాతో పంపుతారట. ఆడవాళ్లని మాత్రమే. పొద్దు గూకకముందే ఇంటికి చేరాలి. ఇది మా మగవాళ్లు పెట్టిన షరతు. ఒప్పుకున్నాక కూడా నెల రోజులపాటు ఏదో వంకన మా వెనకాలే కొండెక్కేవాళ్లు. నా మొగుడికి ఆ నెలలో మూడుసార్లు మేక తప్పిపోయింది. మాకున్నదే పదకొండు మేకలు, మూడుసార్లూ పదకొండూ ఇంట్లోనే ఉన్నాయి.

అత్త అనుమానం వేరు. సముద్రం వైపున్న మా చుట్టాల దగ్గరికి ఎప్పుడో ఎవరో ఇలాగే మర్యాదగా వచ్చారట. ఈ వాగు పేరేంటి, ఆ గుట్ట పేరేంటి అని అడిగి రాసుకుని వెళ్లారట. ఏడాది తిరక్కుండా అక్కడ గోడ లేచింది. నేల గోడకి అవతలికి పోయింది, ఇవతల మా వాళ్లు మిగిలారు. అందుకని పేర్లు అడిగేవాళ్లంటే అత్తకి ఒళ్లు మండేది. డాక్టరమ్మ మొదటిసారి తన గుడారానికి వచ్చినప్పుడు కూర్చోమనకుండా, అటు చివరిదాకా నడిచి రమ్మంది. ఆమె నవ్వుతూ నడిచి వచ్చింది. అత్త వంగి చూసింది.

"అబద్ధాలాడే మనిషి కాదు. అలాగని అంతా చెప్పే మనిషీ కాదు" అని నాతో అంది, ఆమెకి వినబడేలాగే.

గైడు పనికి చేరిన తొమ్మిదిమందికీ బూట్లిచ్చారు. గోధుమరంగు, మందపు రబ్బరు అట్ట, అట్ట మీద నక్షత్రం అచ్చు. తొమ్మిది జతలూ ఒక్కలాంటివే. నాదీ సబ్హాదీ కొలత కూడా ఒకటే. టైరు చెప్పులతో పుట్టి పెరిగిన కాళ్లు మావి, మొదట్లో ఒంటె గిట్టలు తగిలించుకున్నట్టుండేది. నెల తిరిగేసరికి అవి లేకుండా బండెక్కబుద్ధి కాలేదు. అత్తకి మాత్రం అవి వచ్చిన రోజే లోయ పాడైంది. ఎక్కడ చూసినా నక్షత్రాలే. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో తెలియడం లేదు. ఒక పొద్దున తన గుడారం చుట్టూ నక్షత్రాలు చూసి, ఎవరో దొంగలు తిరిగారని గొడవ చేసింది. తీరా అవి సబ్హావే, కట్టెల కోసం లేచింది. ఆ రోజునుంచి తన గుడారం దగ్గర బూట్లు విప్పేసి తిరగాల్సిందే అంది.

"మీ అందర్నీ ఒక్క మనిషిని చేసేసిందే ఆమె. రేపు ఎవర్తె ఏం చేసినా మిగతా ఎనిమిదిమంది వెనకాల దాక్కోవచ్చు" అంది నాతో.

నేను నవ్వాను. అప్పటికి అది నవ్వులాటగానే ఉంది.

ఆ చలికాలం పాఠాల గదిలో ఉండగా వాన పట్టుకుంది. బూట్లన్నీ గుమ్మం బయట ఉన్నాయి. వాగు వస్తే అవతలి ఒడ్డున మేకలు చిక్కుకుపోతాయని అందరం ఒక్కసారి బయటికి ఉరికాం, చేతికందిన జత తొడుక్కుని ఎవరి దారిన వాళ్లు పరిగెత్తాం. మర్నాడు నా బూట్లు కొంచెం బిగుసుకున్నట్టు అనిపించింది. తడిసి ఎండాయి కదా, అందుకనుకున్నాను.

వానపడ్డ మర్నాడు ఒకసారి వెళ్లి చూసి వచ్చిన అత్త, అయిదో రోజున మళ్లీ ఆ నీళ్ల దగ్గరికి వెళ్లింది. ఎవరో పలకరాయి ఎత్తి మళ్లీ మూశారు. మూశారు కానీ అటుదిటు తిప్పి మూశారు, పాచిపట్టిన వైపు లోపలికి వెళ్లింది. చుట్టూ అంతా బండే. గుంట పక్కన దుప్పటంత ఇసుక ఉంటుంది, అందులో మూడే మూడు అడుగులు, నక్షత్రాలతో. ఎడమ అడుగులో మడమ బయటివైపు అరిగి ఉంది.

ఆ మడమని ఆమెకి ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

ఆమె నా దగ్గరికి రాలేదు. అదే నాకు ఇప్పటికీ మంట. చిన్నప్పటినుంచి తన ఒళ్లో పెరిగినదాన్ని, వచ్చి ఒక్క మాట అడగొచ్చు కదా. తిన్నగా స్వైలిం తాత దగ్గరికి వెళ్లింది. స్వైలిం తాత మా వంశానికి పెద్ద, పంచాయితీ చెప్పేది ఆయనే. నువైరా నీళ్లు బయటపెట్టిందని, డాక్టరమ్మ పుస్తకం కోసం దారి చూసి వచ్చిందని ఆయనతో చెప్పింది. సాయంత్రానికి లోయంతా తెలిసిపోయింది. మర్నాడు బావి దగ్గర నేను చేద వేస్తుంటే, నాకంటే వెనక వచ్చిన ఇద్దరు తమ బిందెలు దూరంగా జరుపుకున్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

నీళ్లమ్మింది అనే మాట మా దగ్గర దొంగ అనే మాటకంటే చెడ్డది. అది ఒకసారి అంటుకుంటే మనిషితో పోదు. నా కూతురికి అప్పటికి నాలుగేళ్లు. రేపు దాన్ని పేరుతో పిలవరు, నీళ్లమ్మినదాని కూతురంటారు. దాని కూతుర్నీ అంటారు. నా మొగుడు ఆ రాత్రి రొట్టె తుంచి తినకుండా పక్కన పెట్టాడు. "నిజం చెప్పు, చూపించావా?" అని ఒక్కసారే అడిగాడు. లేదన్నాను. నమ్మానన్నాడు. నమ్మిన మనిషి రొట్టె తింటాడు కదా, అనుకున్నాను నేను.

శుక్రవారం నమాజు తర్వాత పంచాయితీ కూర్చుంది. మగవాళ్లు ముందు, మేం వెనక. డాక్టరమ్మని కూడా పిలిపించారు. ఆమె తన పటాలన్నీ తెచ్చి నేలమీద పరిచింది. అందరికీ తెలిసిన బావులు తప్ప నీటి గుర్తు ఒక్కటి కూడా లేదు. స్వైలిం తాత తృప్తిగా తలూపాడు కానీ అత్త ఊపలేదు.

"ఇక్కడికి తేనివి ఎన్నున్నాయో" అంది.

పోనీ నలుగురం వెళ్లి ఆ అడుగులు చూద్దామని ఎవరో అన్నారు. అందరూ ఆయనకేసి చూశారు. వెళ్తే ఇక దాచడానికేముంది? కాబట్టి ఉన్నది అత్త మాట ఒక్కటే. అడుగు విషయంలో ఆమె మాటకి ఎదురు చెప్పినవాళ్లు అప్పటిదాకా లేరు. నా వైపు నేను తప్ప ఎవరూ లేరు.

కొమ్మతో ఇసుక ఊడ్చి, నన్ను నడవమన్నారు. బూట్లతో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాను. అత్త వంగి, ఎడమ అడుగు దగ్గర ఆగి, నావైపు చూసింది.

"ఈ బూట్లు నీవి కావే. నీవి ఎక్కడ దాచావు?"

జనంలో గుసగుసలు లేచాయి. మడమ చూస్తే నిజమే, రెండువైపులా సమానంగా ఉంది. అప్పటిదాకా నేను గమనించనే లేదు. గుమ్మం దగ్గర బూట్లు మారిపోయి ఉంటాయని డాక్టరమ్మ చెప్పబోయింది. నన్ను వెనకేసుకొస్తోందని ఒకాయన, ఇద్దరూ ముందే అనుకుని వచ్చారని ఇంకొకాయన. ఆ క్షణంలో ఎంత ఒట్టు పెట్టినా వినేవాళ్లు లేరు. నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. అక్కడే కూర్చుని, తాళ్లూడదీసి, రెండు బూట్లూ డాక్టరమ్మ పటాల మీదికి విసిరేశాను.

"నువ్వు కట్టిన కాలే ఇది, అత్తా. బూటునేం చూస్తావు, కాలు చూడు" అన్నాను.

ఒట్టి కాళ్లతో నడిచాను. ఇసుక చల్లగా ఉంది.

అత్త ఈసారి గొంతుక్కూర్చుంది. నా ఒక అడుగునుంచి రెండో అడుగుదాకా జానలు పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. ఎడమ పాదం ముద్రలో వేలు పెట్టి, బొటనవేలి దగ్గరినుంచి మడమదాకా మెల్లగా జరిపింది. స్వైలిం తాత రెండుసార్లు దగ్గినా వేలు తీయలేదు. ఆమె చూసింది మర్చిపోయే మనిషి కాదు. ఆ నీళ్ల పక్కనున్న మూడు అడుగులూ ఆమె కళ్లముందు ఉన్నాయి. వాటి మధ్య దూరం నా అడుగుకంటే నాలుగు వేళ్లు ఎక్కువ. ఆ ఎడమ పాదం తిన్నగా పడింది, నాది వంకరగా పడుతుంది. ఆ రోజు మడమ చూడగానే కోపంతో లేచిపోయింది, ఆ బూటు వేసుకుని నడిచిన మనిషిని చూడలేదు. అరిగిన రబ్బరుని చూసింది, అంతే.

అప్పుడు ఆమె తలెత్తి ఆడవాళ్లవైపు చూసింది. మాలో పొడుగు మనిషి ఒక్కతే ఉంది. మిగతావాళ్లకి ఇంకా ఏమీ తెలియదు. అత్త అక్కడితో ఊరుకుని, అడుగు సరిగ్గా ఆనలేదు అని లేచి ఉంటే, సగం మచ్చ నాకూ, సగం అనుమానం గాలికీ పోయేది. ఆమె పరువు, ఆమె కూతురి పరువు నిలిచేవి. అలా చేస్తుందేమోనని నేను అనుకున్నాను. ఆమెని అనుమానించాను, ఒప్పుకుంటున్నాను.

"సబ్హా, నీ బూట్లు ఇలా తే" అంది.

సబ్హా తెచ్చి ఇచ్చింది. అత్త ఎడమదాన్ని తిరగేసి, అరిగిన మడమ అందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఇది నువైరా బూటు. వేసుకుని నడిచింది నా కూతురు. చూడలేకపోయింది నేను" అంది.

ఎవరు చూపించారని స్వైలిం తాత సబ్హాని అడిగాడు. సబ్హా ఆయనకి జవాబు చెప్పలేదు, వాళ్లమ్మకి చెప్పింది.

"ఎవరూ చూపించలేదమ్మా. నీ చెప్పుల అడుగులు పట్టుకుని వెళ్లాను. నేర్పింది నువ్వే కదా. చూసి, తాగి, మూసి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు."

డాక్టరమ్మకి చెప్పలేదా అని ఎవరో మగాయన అడగబోతే, స్వైలిం తాత చెయ్యెత్తి ఆపాడు. ఇంటి విషయం ఇంట్లో తేలింది, ఇక లేద్దామన్నాడు. అందరికీ అదే కావాలి. అత్త మాత్రం లేవనివ్వలేదు.

"నలుగురిలో అన్నాను బాబాయ్. నలుగురిలోనే తీసుకుంటాను. నువైరాకి తెల్లజెండా కడతాను, మూడు చోట్ల" అంది.

తెల్లజెండా అంటే అన్న మాట తప్పని, ఆ మనిషి మొహం తెల్లగా ఉందని పేరుపెట్టి చాటడం. మా దగ్గర మగవాళ్లు కట్టడమే తక్కువ. ఒక ఆడమనిషి, అందులోనూ అడుగులు చెప్పే ఆడమనిషి, నా చూపు తప్పింది అని చాటుకోవడం నేనైతే వినలేదు. పంచాయితీ దగ్గర మొదటిది కట్టింది. అన్ని తెగలూ ఒంటెలకి నీళ్లు పెట్టే పెద్దబావి దగ్గర రెండోది. అక్కడ సబ్హా కాబోయే అత్తింటివాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ముందే కర్ర పాతి, నా పేరు చెప్పి, తన తప్పు చెప్పింది. మూడోది కట్టడానికి మధ్యాహ్నం దాటాక మా గుడారానికి వచ్చింది. కాళ్లకి చెప్పుల్లేవు. ఆ చలిలో, ఆ వయసులో, అంత దూరం ఒట్టి పాదాలతో నడిచింది. ఎందుకో నేను అడగలేదు. దారిలో ఎవరు చూసినా ఎవరి అడుగులో తెలియాలని, అంతే.

కర్ర పాతింది. నేను పొయ్యి దగ్గరినుంచి లేవలేదు. నాలో కోపం ఇంకా ఉంది, ఆ కోపం పోలేదని సిగ్గుగానూ ఉంది. టీ పోసి ఇచ్చాను. ఆమె క్షమించమని అనలేదు. గ్లాసు పట్టుకుని నా ఎడమ కాలివైపు చూస్తూ కూర్చుంది.

"ఆ రోజు ఇంకొంచెం గట్టిగా కట్టుంటే తిన్నగా అతుక్కునేదే" అంది.

అప్పుడు ఏడ్చాను, బాగా ఏడ్చాను. నా కూతురు పరిగెత్తుకొచ్చి, పెద్దత్త కొట్టిందా అని అడిగింది. కొట్టలేదని చెప్పాను. వెళ్లబోతూ అత్త, రేపు సబ్హాని తీసుకుని నీళ్ల దగ్గరికి వెళ్లమని, పలకరాయి ఎటు వైపు పెట్టాలో చూపించమని చెప్పింది. పెళ్లయి వెళ్లిపోయే పిల్ల కదా అన్నాను, కావాలనే. ఎలాగూ చూసేసిందిగా, సరిగ్గా మూయడమైనా నేర్చుకోనీ అంది.

బూట్ల సంగతి కూడా ఆమే తేల్చింది. ఎవరింటి ఒంటె వాత గుర్తు వాళ్ల బూటు మడమల మీద కాల్చిన ఇనుముతో వేయమంది. తొమ్మిదిమందిమీ కూర్చుని రబ్బరు కాల్చాం. వాసనకి మేకలు కూడా పారిపోయాయి. మాది ఒక అడ్డగీత, రెండు చుక్కలు. నాదీ సబ్హాదీ ఒకే గుర్తు కాబట్టి సబ్హా తనదానికి ఇంకో చుక్క పెట్టుకుంది. డాక్టరమ్మ మురిసిపోయి ఫొటోలు తీసుకుంది. అడుగులు చూడడం గురించి పుస్తకంలో నాలుగు పేజీలు అత్త చెప్పినవే. నీళ్ల మాట అందులో లేదు. అత్త పోయేదాకా డాక్టరమ్మని నమ్మలేదు. పోయి ఏడాదైంది, నేనూ సగమే నమ్ముతున్నాను.

కానీ నాకు గుర్తుండిపోయింది జెండా కట్టిన మర్నాటి సాయంత్రం. నేనూ సబ్హా నీళ్ల దగ్గరినుంచి తిరిగొచ్చి, అత్త గుడారం ముందు బూట్లు విప్పేసి, ఒట్టి కాళ్లతో చుట్టూ తిరిగి మేకల్ని కట్టేశాం. పొద్దు కొండ వెనక్కి దిగింది. ఊడ్చే వేళ దాటిపోతోంది. రెతం కొమ్మ గుడారం తాడుకి అలాగే వేలాడుతోంది. అలసిపోయింది కాబోలని, నేను ఊడ్చిపెట్టనా అని అడిగాను.

"వద్దులేవే" అంది అత్త. "మీ ఇద్దరి అడుగులున్నాయి. ఉండనీ."